ఎస్టోనియా కుటుంబ మూలాలు వెతకడం ఎలా: వలస వెళ్ళిన తరం నుంచి పాత మేనర్ల దాకా

ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. అయినా ఆ దేశం నుంచి వెళ్ళిన వాళ్ళ మనవలూ మునిమనవలూ టొరంటోలో ఉన్నారు, సిడ్నీలో ఉన్నారు, స్టాక్‌హోమ్‌లో ఉన్నారు, అబ్ఖాజియా కొండ ఊళ్ళలో, సైబీరియా పల్లెల్లో కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకరు మీ ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వచ్చి ఉండొచ్చు. ఆఫీసులో మీ పక్క సీటు మనిషే "మా తాతగారు ఎస్టోనియా నుంచి పడవలో వచ్చారట, అంతకు మించి తెలీదు" అని ఉండొచ్చు. అలాంటి కుటుంబం కథ ఎక్కడ మొదలుపెట్టి, ఏ కాగితం తర్వాత ఏ కాగితం చూసుకుంటూ వెనక్కి వెళ్ళాలో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందుగా ఒక హెచ్చరిక. మనకి ఇంటిపేరు అనగానే తరతరాలుగా వస్తున్నది అనిపిస్తుంది. ఎస్టోనియా రైతు కుటుంబాలకి ఇంటిపేర్లు వచ్చి రెండు వందల ఏళ్ళే. పైగా మధ్యలో చాలామంది మార్చుకున్నారు. అందుకని ఇంటిపేరు వెంట పడకండి, ఊరు పట్టుకోండి. ఏ చర్చి పరిధి, ఏ మేనరు (జమీందారు ఎస్టేటు), ఏ రైతు కమతం అనేవి తెలిస్తే మిగతా దారి చాలామటుకు దానంతటదే తెరుచుకుంటుంది. అవి తెలియకుండా 'తమ్' అనో 'సార్' అనో 'సెప్' అనో వెతికితే ఒకరికొకరు ఏమీ కాని కుటుంబాలు వందల్లో తగులుతాయి.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్నవి బయటికి తీయించండి

పెద్దవాళ్ళని "మీది ఏ ఊరు?" అని అడిగితే "తార్తు దగ్గర" అంటారు. దాని వల్ల పెద్దగా ఉపయోగం లేదు. "ఏ చర్చిలో బాప్టిజం అయింది? లూథరన్లా, ఆర్థడాక్స్ వాళ్ళా? ఇంటికి, అంటే పొలంతో ఉన్న కమతానికి, పేరేమిటి?" అని అడగండి. లూథరన్, ఆర్థడాక్స్ అనేవి అక్కడి రెండు ప్రధాన క్రైస్తవ శాఖలు. ఎస్టోనియాలో ప్రతి రైతు కమతానికీ ఒక పేరుంటుంది. మనిషి పేరు మర్చిపోయిన ముసలివాళ్ళు కూడా కమతం పేరు చెప్పగలరు.

కాగితాల్లో బాప్టిజం సర్టిఫికెట్టు, 1918-40 నాటి ఎస్టోనియా పాస్‌పోర్టు, శరణార్థి శిబిరం కార్డు, కుటుంబ బైబిల్ లోపలి అట్ట చూడండి. ఫోటోలని తిప్పి చూడటం మరవకండి. పాత స్టూడియోలు ఫోటో అట్ట మీద తమ పేరూ పట్టణం పేరూ అచ్చువేసేవి. అక్కడ 'ఫెల్లిన్' అని ఉంటే అది విల్యాంది. 'వెరో' అంటే వొరు, 'పెర్నౌ' అంటే పార్ను, 'డోర్పాట్' అంటే తార్తు, 'రెవల్' అంటే తాలిన్. పాత కాగితాల్లో చాలావాటిలో ఇలా జర్మన్ పేర్లే ఉంటాయి కాబట్టి రెండు పేర్లూ మొదటి రోజు నుంచే పక్కపక్కన రాసి పెట్టుకోండి.

రెండో అడుగు: ఏ అలలో వెళ్ళారో తేల్చుకోండి

ఎస్టోనియా నుంచి జనం ఒక్కసారే పోలేదు. ఏ కాలంలో వెళ్ళారన్నదాన్ని బట్టి ఏ ఆర్కైవ్ తలుపు తట్టాలో మారిపోతుంది. అందుకే ఇక్కడ తొందరపడొద్దు.

1850ల నుంచి 1917 దాకా వెళ్ళిన వాళ్ళలో అత్యధికులు పడమటికి కాదు, తూర్పుకి వెళ్ళారు. సొంత భూమి కోసం రష్యా సామ్రాజ్యంలోకే వలసపోయారు. 1861లో మాల్త్స్‌వెత్ అనే ప్రవక్తని నమ్మిన కొందరు, తమని తీసుకెళ్ళడానికి తెల్ల ఓడ వస్తుందని తాలిన్ పక్కన లాస్నమాయె గుట్ట మీద ఎదురుచూశారు. ఓడ రాలేదు. ఆ ఉద్యమం వాళ్ళు చాలామంది క్రిమియా చేరారు. 1880లలో అబ్ఖాజియాలో ఎస్టోనియా, లిండా, సల్మె లాంటి ఊళ్ళు వెలిశాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేలకొద్దీ ఎస్టోనియన్లు స్థిరపడ్డారు. 1917 నాటికి రష్యాలో ఉన్న ఎస్టోనియన్లు సుమారు రెండు లక్షలని అంచనా.

వెతికేవాళ్ళకి కలిసొచ్చే విషయం ఒకటుంది. ఇలా వెళ్ళిన రైతు చాలాకాలం కాగితాల మీద సొంత 'వల్ద్' సభ్యుడిగానే ఉండేవాడు. వల్ద్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటి స్థానిక రైతు సమాజం. పాస్‌పోర్టు అక్కడి నుంచే రావాలి. కాబట్టి మనిషి సైబీరియాలో ఉన్నా పేరు ఇంటి దగ్గర జాబితాలో కనబడొచ్చు. 1920 ఫిబ్రవరి 2న తార్తు శాంతి ఒప్పందం కుదిరాక, రష్యాలోని ఎస్టోనియన్లకి స్వదేశ పౌరసత్వం ఎంచుకునే హక్కు వచ్చింది. తామో తమ పూర్వీకులో ఫలానా వల్ద్‌కి చెందినవాళ్ళమని రుజువు చూపాలి. 1920-23 మధ్య 38 వేల దాకా తిరిగొచ్చారు. వాళ్ళ దరఖాస్తుల ఫైళ్ళు ఎస్టోనియా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ కుటుంబం రష్యా నుంచి వెనక్కి వచ్చిందని తెలిస్తే ముందు అదే అడగండి. ఒక్క ఫైలుతో రెండు తరాల ఊరు తేలిపోవచ్చు.

అమెరికాకి 1917కి ముందు వెళ్ళిన వాళ్ళైతే ఓడ జాబితాలో 'రష్యా' అని ఉంటుంది. చూసి కంగారు పడకండి, అప్పటికి ఎస్టోనియా అనే దేశమే లేదు. జాతీయత గడి కాకుండా చివరి నివాసం, పుట్టిన చోటు గడులు చూడండి. హాంబర్గ్ రేవు ప్రయాణికుల జాబితాలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి. 1920లలో కొందరు బ్రెజిల్, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, కెనడా దారి పట్టారు.

1939-41లో బాల్టిక్ జర్మన్లని, అంటే అక్కడ శతాబ్దాలుగా ఉంటున్న జర్మన్ మూలాల కుటుంబాలని, జర్మనీ తరలించుకుపోయింది. 1941లో జరిగిన రెండో విడతలో ఎస్టోనియన్లు కూడా కొందరు కలిసి వెళ్ళారు. ఇంట్లో "మేం జర్మన్లమేమో" అనే మాట వినిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక 1944. సోవియట్ సైన్యం తిరిగొస్తోందని 70 వేల నుంచి 80 వేల మంది దేశం వదిలారు. కొందరు చిన్న పడవల్లో స్వీడన్‌కి, కొందరు ఓడల్లో జర్మనీకి. ఈ రోజు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో కనబడే ఎస్టోనియన్ కుటుంబాల్లో చాలా భాగం ఈ అలవే. జర్మనీ చేరినవాళ్ళు గైస్లింగెన్ లాంటి శరణార్థి శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉండి, 1947 తర్వాత వేరే దేశాలకి వెళ్ళారు. అక్కడ వాళ్ళు నింపిన దరఖాస్తులు జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. పుట్టిన ఊరు, మతం, చదువు, అంతకుముందు ఎక్కడెక్కడ ఉన్నారు, ఏం పని చేశారు అన్నీ అందులో ఉంటాయి. ఆస్ట్రేలియా వెళ్ళిన వాళ్ళైతే అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో వలస ఫైలు వెతకండి. 1947 నవంబర్‌లో ఫ్రీమాంటిల్ చేరిన తొలి ఓడలో ఎస్టోనియన్లు, లాత్వియన్లు, లిథువేనియన్లు కలిసి వచ్చారు.

చివరి అల మనిషి ఇష్టంతో సంబంధం లేనిది. 1941 జూన్ 14న సుమారు పదివేల మందిని, 1949 మార్చిలో ఇరవై వేలకి పైగా జనాన్ని సైబీరియాకి బలవంతంగా పంపేశారు. వీళ్ళ పేర్లు ఎస్టోనియా చారిత్రక స్మృతి సంస్థ నడిపే 'మెమోరియాల్' డేటాబేస్‌లో వెతకొచ్చు. పుట్టిన ఏడు, ఎక్కడి నుంచి తీసుకెళ్ళారు, ఏమయ్యారు అనేవి దొరుకుతాయి. ఇక్కడ కాస్త నిదానంగా ఉండండి. ఇంట్లో డెబ్బై ఏళ్ళుగా ఎవరూ ఎత్తని మాట మీ కంప్యూటర్ తెర మీద రెండు లైన్లలో కనబడుతుంది. అది అలాగే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయడం మంచిది కాదు.

మూడో అడుగు: పేరుని ఒరిజినల్ రూపానికి తీసుకురండి

పేరు పాడయ్యే దారులు కొన్ని తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రష్యన్ లిపిలో 'హ' లేదు, దాని బదులు 'గ' రాసేవారు. 'హింట్' అనే కుటుంబం రష్యన్ కాగితంలో 'గింట్' అయి, అమెరికాలో ఆ రష్యన్ కాగితం చూసి మళ్ళీ 'గింట్' అనే రాసుకోవచ్చు. అందుకే 'గ'తో మొదలయ్యే పేరు దొరక్కపోతే 'హ'తో ప్రయత్నించండి. ఎస్టోనియన్ అక్షరాల మీది చుక్కలు, అలలు ఇంగ్లీషు కాగితాల్లో రాలిపోతాయి. యాన్ జర్మన్ పుస్తకంలో యోహాన్, అమెరికాలో జాన్. యూరి జర్మన్‌లో గేయోర్గ్, రష్యన్‌లో గెయోర్గీ.

1930లలో మరో పెద్ద మార్పు జరిగింది. జర్మన్‌లా వినబడే పేర్లని ఎస్టోనియన్‌లోకి మార్చుకొమ్మని ప్రభుత్వం ఉద్యమంలా నడిపింది. రెండు లక్షలకి పైగా జనం మార్చుకున్నారు. అప్పటి ఆంతరంగిక మంత్రి కార్ల్ ఐన్‌బుండ్ తానే 1935లో కారెల్ ఈన్‌పాలు అయ్యాడు, తర్వాత ఆ పేరుతోనే ప్రధాని అయ్యాడు. కాబట్టి 1944లో పారిపోయిన మీ తాతగారి ఇంటిపేరు వాళ్ళ నాన్న పుట్టినప్పటి చర్చి పుస్తకంలో కనబడకపోతే, పుస్తకం తప్పు అనుకునే ముందు పేరు మార్పిడి జాబితాలు చూడండి. అవి జాతీయ ఆర్కైవ్స్ దగ్గర ఉన్నాయి.

తేదీలదీ ఒక తిరకాసే. 1918 ఫిబ్రవరి దాకా ఎస్టోనియాలో జూలియన్ క్యాలెండర్ నడిచింది. 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు, 1900 మార్చి తర్వాతి తేదీకి 13 రోజులు కలిపితే ఇప్పటి తేదీ వస్తుంది. విదేశంలో ఉన్న కుటుంబం పుట్టినరోజు ఒకటి చెప్పి, చర్చి పుస్తకం ఇంకోటి చెబితే ముందు తేడా లెక్కపెట్టండి. సరిగ్గా 12 లేదా 13 రోజులైతే చాలామటుకు మనిషి ఒకరే.

నాలుగో అడుగు: ఊరు నాలుగు పేర్లతో రాసుకోండి

ప్రతి కుటుంబానికీ నాలుగు చిరునామాలుంటాయి. చర్చి పరిధి అయిన 'కిహెల్‌కొండ్', జమీందారు ఎస్టేటు అయిన మేనర్ లేదా 'మొయిస్', రైతు సమాజం అయిన 'వల్ద్', కమతం అయిన 'తాలు'. చర్చి పుస్తకాలు కిహెల్‌కొండ్ వారీగా, జనాభా జాబితాలు మేనర్ వారీగా ఉంటాయి. ఒకటి తెలిసి రెండోది తెలియకపోతే సగం రికార్డులు చేజారినట్టే.

ఇప్పటి ఊరి పేరు నుంచి పాత జర్మన్ పేరుకి వెళ్ళడానికి ఎస్టోనియా భాషా సంస్థ వారి స్థలనామాల డేటాబేస్ 'క్నాబ్' ఉంది. కమతం ఎక్కడుందో చూడాలంటే ఆ దేశ భూమి శాఖ వారి మ్యాపుల్లో పాత పటాలు కూడా పెట్టారు. ఇప్పటి మ్యాపు మీద కూడా చాలా కమతాల పాత పేర్లు అలాగే ఉన్నాయి.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. 1917 దాకా ఉత్తర ఎస్టోనియా 'ఎస్ట్‌లాండ్' రాష్ట్రం. దక్షిణ ఎస్టోనియా, సారెమా ద్వీపం 'లివ్‌లాండ్' రాష్ట్రంలో ఉండేవి, అందులో మిగతా సగం ఇప్పటి లాత్వియా. రెండింట్లో చట్టాలు వేరు, తేదీలు వేరు. దీని అవసరం కాసేపట్లో వస్తుంది.

ఐదో అడుగు: సాగాలో కూర్చోండి

జాతీయ ఆర్కైవ్స్ వారి 'సాగా' వెబ్‌సైట్ ఈ పనికి ప్రాణం. ఉచితం, అకౌంట్ తెరిస్తే చాలు. కానీ ఇది గూగుల్‌లా పేరు కొట్టి వెతికేది కాదు. పుస్తకాల పేజీలు ఫోటోలుగా ఉంటాయి, చర్చి పరిధి ఎంచుకుని, ఏడు ఎంచుకుని, పేజీలు తిప్పుకుంటూ పోవాలి. నాకైతే ఇదే బాగుంటుంది. పక్కింటివాళ్ళు, జ్ఞానపిత గాడ్‌ఫాదర్‌లు, మేనమామలు కూడా ఆ తిప్పడంలోనే పరిచయమవుతారు.

చర్చి పుస్తకాల్లో రెండు రకాలు. ఒకటి పుట్టుక, పెళ్ళి, చావు తేదీల క్రమంలో రాసిన 'మెత్రికా'. రెండోది 'పెర్సొనాల్‌రామాత్', అంటే లూథరన్ పాస్టరు కుటుంబాల వారీగా రాసుకున్న పుస్తకం. కొత్తవాళ్ళు మెత్రికాతో మొదలుపెడతారు. నన్నడిగితే పెర్సొనాల్‌రామాత్‌తో మొదలుపెట్టండి.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పేజీ పైన మేనర్ పేరు, కమతం పేరు. కింద ఇంటి యజమాని, ఆయన భార్య, పిల్లలు వరసగా. ఒక్కొక్కరి ఎదురుగా పుట్టిన తేదీ, కన్ఫర్మేషన్ (యుక్తవయసులో చర్చి సభ్యత్వం ఖాయం చేసే వేడుక) అయిన ఏడు, పెళ్ళి, చావు. పిల్లల్లో ఎవరైనా పోతే పేరు మీద అడ్డగీతో, పక్కన శిలువ గుర్తో. ఆ తర్వాత గడుల నిండా ఏడాదికోసారి ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి, వచ్చిన తేదీల గుర్తులు. వరసగా వస్తున్న గుర్తులు ఒక ఏడు దగ్గర ఆగిపోతే మనిషి చనిపోయాడనో, ఊరు వదిలాడనో అర్థం. చివరి గడిలో వేరే చర్చి పరిధి పేరు ఉంటే అక్కడికి మారాడన్నమాట. మీరు వెతుకుతున్న వలస చాలాసార్లు ఆ సన్నటి గడిలోనే దాక్కుని ఉంటుంది.

పేరు మీద గీత ఉండి, 'గ్రీకు' అన్న అర్థం వచ్చే జర్మన్ పొడి అక్షరాలు పక్కన ఉంటే, ఆ మనిషి ఆర్థడాక్స్ మతంలోకి వెళ్ళాడని. 1845-48 మధ్య లివ్‌లాండ్‌లో అరవై వేలకి పైగా ఎస్టోనియన్ రైతులు మారారు. జార్ మతంలో చేరితే భూమి వస్తుందని వదంతి. భూమి రాలేదు. ఆ కుటుంబం కోసం ఇక లూథరన్ పుస్తకాలు వెతకొద్దు, ఆర్థడాక్స్ పరిధి పుస్తకాలకి వెళ్ళండి.

భాష సంగతి: 1890ల తొలి ఏళ్ళ దాకా జర్మన్, అక్కడి నుంచి దాదాపు 1918 దాకా రష్యన్, ఆ తర్వాత ఎస్టోనియన్. భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. పుట్టాడు, పోయాడు, పెళ్ళి, కొడుకు, కూతురు, విధవ, యజమాని రైతు, జీతగాడు, భూమిలేని కూలీ అనే పదాలు పాతిక గుర్తుపడితే పని నడుస్తుంది. కష్టమంతా పాత జర్మన్ చేతిరాతతోనే. అందులో 'ఇ', 'ఎన్' అక్షరాలు ఒకేలా ఉంటాయి, 'యు' మీద చిన్న కొక్కెం ఉంటుంది. అదే పాస్టరు రాసిన, మీకు ఖాయంగా తెలిసిన మేనర్ పేరుని చూసి ఆయన అక్షరాలు ఒక కాగితం మీద దించుకోండి. ఏ పుస్తకం చెప్పే పట్టికకన్నా ఇది బాగా పనిచేస్తుంది.

ఆరో అడుగు: ఆత్మల లెక్కల మెట్లు దిగండి

రష్యా ప్రభుత్వం తలపన్ను కోసం తీసిన జనాభా జాబితాలని 'హింగెలొయెండ్' అంటారు, ఆత్మల లెక్క అన్నమాట. 1782, 1795, 1811, 1816, 1834, 1850, 1858ల్లో జరిగాయి. 1826ది లివ్‌లాండ్‌లో మాత్రమే. 1811 జాబితాలో మగవాళ్ళనే రాశారు.

రెండు పేజీలు తెరిస్తే ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. మగవాళ్ళకి పోయిన లెక్కప్పుడు ఎంత వయసు, ఇప్పుడు ఎంత, మధ్యలో పోతే ఏ ఏడు పోయాడు, సైన్యానికి పట్టుకెళ్ళారా, ఏ కమతానికి మారాడు అనేవి రాసుంటాయి. అందుకని 1858 నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగండి. 1858లో 40 ఏళ్ళవాడు 1850లో 32 ఏళ్ళవాడై, అదే తండ్రితో, అదే తమ్ముళ్ళతో కనబడాలి. ఒక్క మెట్టు దాటేసి కిందకి దూకితే అదే పేరున్న వేరే మనిషి కొడుకైపోతాడు. ఒక మేనర్‌లో యాన్ కొడుకు మిహ్కెల్‌లు ముగ్గురు నలుగురు ఉండటం మామూలే.

ఏడో అడుగు: ఇంటిపేరు లేని కాలంలోకి దాటడం

బానిస రైతు వ్యవస్థని ఎస్ట్‌లాండ్‌లో 1816లో, లివ్‌లాండ్‌లో 1819లో రద్దు చేశారు. ఇంటిపేర్లు ఆ తర్వాత వచ్చాయి. లివ్‌లాండ్‌లో 1820లలో ఇచ్చారు, కాబట్టి 1826 జాబితాలో ఉంటాయి. ఎస్ట్‌లాండ్‌లో 1835 ప్రాంతంలో ఇచ్చారు, కాబట్టి 1834 జాబితాలో లేకపోయినా 1850లో కనబడతాయి. పేర్లు మేనర్ వారీగా ఇచ్చారు. అన్నదమ్ములు ఇద్దరూ వేర్వేరు మేనర్లలో ఉంటే ఒకరి ఇంటిపేరు ఇంకొకరికి రాలేదు. ఏ ఇంటిపేరు ఏ మేనర్‌లో పెట్టారో చెప్పే 'ఒనొమాస్తికా' డేటాబేస్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. అరుదైన పేరైతే ఊరు తెలియని వాళ్ళకి కూడా దీనితో దారి దొరుకుతుంది.

అంతకుముందు మనిషిని కమతం పేరుతో పిలిచేవాళ్ళు. ఉదాహరణకి 'తమ్మె యాన్ కొడుకు మిహ్కెల్'. ఇందులో తమ్మె కమతం పేరు. మిహ్కెల్ వేరే కమతానికి మారితే ముందు పేరు కూడా మారిపోతుంది. అల్లుడు ఇల్లరికం వస్తే అత్తారి కమతం పేరుతోనే పుస్తకాల్లోకి ఎక్కుతాడు. వాళ్ళ భాషలో ఇల్లరికపు అల్లుడికి 'కొదువాయి' అని ప్రత్యేకంగా మాటే ఉంది. ఒకే కమతంలో పేర్లు వరసగా ఉన్నాయని తండ్రీకొడుకులు అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. భార్య పుట్టిల్లు ఏదో పెళ్ళి రికార్డులో చూశాకే గీత గీయండి.

ఇలా వెళ్తూ ఉంటే చాలా కుటుంబాల దారి 1710ల దగ్గర మసకబారుతుంది. స్వీడన్ చేతిలోంచి ఈ ప్రాంతాన్ని రష్యా గెలుచుకున్న గ్రేట్ నార్తర్న్ యుద్ధం, దాని వెంటే 1710-11 ప్లేగు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, కమతాలు పాడుబడ్డాయి, తర్వాత ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్ళు వచ్చి చేరారు. అంతకు వెనక 17వ శతాబ్దపు స్వీడిష్ కాలం భూమి లెక్కల్లో కమతం యజమాని పేరొక్కటే ఉంటుంది. అదే కమతం పేరు 1638లో ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది మీవాళ్ళే అని చెప్పలేం. 'జెని' లాంటి సైట్లలో ఎస్టోనియన్ల వంశవృక్షాలు బోలెడున్నాయి, 1600ల దాకా గీసేసినవీ ఉన్నాయి. వాటిని సూచనగా తీసుకోండి, పుస్తకం పేజీ చూపించని ఏ గీతనీ మీ చెట్టులోకి తెచ్చుకోకండి. మీరు చూసిన ప్రతి పేజీకీ ఆర్కైవ్ నంబరు, పేజీ నంబరు అప్పటికప్పుడు రాసుకోండి.

ఎనిమిదో అడుగు: ఇప్పుడున్న బంధువుల వైపు ముందుకి

వెనక్కి వెళ్ళడం కన్నా 1926 తర్వాతికి రావడం ఒక్కోసారి కష్టం. ఆ ఏడు జూలై 1 నుంచి జననమరణాల నమోదు చర్చి నుంచి ప్రభుత్వం చేతికి వచ్చింది. వ్యక్తిగత వివరాల మీద ఆంక్షలున్నాయి. కాగితం రాసి 75 ఏళ్ళు, లేదా మనిషి పోయి 30 ఏళ్ళు, పోయిన తేదీ తెలియకపోతే పుట్టి 110 ఏళ్ళు గడవాలి. నేరుగా వారసులైతే రుజువుతో అడగొచ్చు.

అందాకా రెండు పక్కదారులున్నాయి. ఎస్టోనియా శ్మశానాల రిజిస్టరు 'కల్మిస్తుద్'లో పేరుతో వెతికితే సమాధి, పక్కనున్న కుటుంబీకుల పేర్లు, చాలాచోట్ల రాయి ఫోటో దొరుకుతాయి. పాత పత్రికలు 'డిగార్' సైట్‌లో ఉన్నాయి. ప్రవాస పత్రికలూ వెతకండి. న్యూయార్క్ 'వబా ఈస్తి సొనా' 1949లో, సిడ్నీ 'మెయె కొదు' కూడా అదే ఏడు మొదలయ్యాయి. వాటిలో సంతాప ప్రకటనలు చూస్తే పుట్టిన ఊరు, స్వదేశంలో మిగిలిన అక్కచెల్లెళ్ళ ప్రస్తావన కనబడొచ్చు. 1944లో తెగిన కుటుంబాన్ని కలపడానికి ఈ చిన్న ప్రకటనలు ఫైళ్ళకన్నా ఎక్కువసార్లు పనికొస్తాయి.

బంధువు దొరికితే మొదటి ఉత్తరం చిన్నదిగా, ఎస్టోనియన్‌లో రాయండి. ముందు మీరెవరో, ఉమ్మడి పూర్వీకుడి పేరు, కమతం పేరు, పుట్టిన ఏడు చెప్పండి. ఒక పాత ఫోటో జతచేయండి. వంశవృక్షం పీడీఎఫ్ మొత్తం మొదటిసారే పంపొద్దు, ఆస్తి గురించి అడుగుతున్నారేమో అనిపించే మాట ఒక్కటీ ఉండకూడదు. 1991 తర్వాత సోవియట్ కాలంలో లాక్కున్న పొలాలు పాత యజమానుల వారసులకి తిరిగి ఇచ్చారు, విదేశం నుంచి వచ్చే ఉత్తరమంటే ఇప్పటికీ కొందరికి ఆ విషయమే గుర్తొస్తుంది. జవాబు రావడానికి నెల పట్టినా మళ్ళీ మళ్ళీ రాయకండి.